యాటిట్యూడ్ ఉంటే చాలంటారు గానీ...

టూరిజం కాలేజీలో ఏ సెమినార్‌కు వెళ్లినా ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. హోటల్ తరఫునో ట్రావెల్ కంపెనీ తరఫునో వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు మైకు అందుకుని, "స్కిల్స్ లేకపోయినా ఫర్వాలేదు, యాటిట్యూడ్ ఉంటే చాలు, మిగతాదంతా మేం నేర్పించుకుంటాం" అంటారు. హాలంతా చప్పట్లు. లెక్చరర్లు ఇంకాస్త గట్టిగా కొడతారు, ఆ ఒక్క మాటతో వాళ్ల నెత్తిన ఉన్న బరువు సగం దిగిపోతుంది కాబట్టి. ఈమధ్య ఇదే మాట మళ్లీ విన్నాను. ఇంటికొచ్చాక కూడా వదల్లేదు, అందుకే ఈ పోస్టు.

నేను టూర్ ఆపరేషన్స్‌లో చాలాకాలం పనిచేశాను. ఆ "నేర్పించుకోవడం" ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను. మొదటి రోజు ఒక ఐడీ కార్డు ఇస్తారు, ఒక లాగిన్ ఇస్తారు, పక్క సీటు చూపించి "తను చేసేది చూస్తూ ఉండు" అంటారు. ఆ పక్క సీటు అమ్మాయికి అప్పటికే రెండు గ్రూపులు బయట తిరుగుతుంటాయి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లకు ఏదైనా చెబుదామని ఉన్నా నోరు ఖాళీ ఉండదు. సీజన్ మొదలైందా, వారం తిరక్కుండానే కొత్తవాళ్ల చేతిలో సొంత ఫైలు పడుతుంది. అంతే శిక్షణ. ఎక్కడైనా తేడా కొట్టిందంటే మాత్రం "కాలేజీల్లో ఏం చెప్తున్నారో ఏంటో" అనేది కూడా ఈ మైకు పట్టుకున్నవాళ్లే.

అంటే కంపెనీ నేర్పుతుందిలే అని కాలేజీ, కాలేజీ నేర్పాల్సిందే అని కంపెనీ. మధ్యలో ఇరవై, ఇరవై ఒకటేళ్ల పిల్లలు. ఎయిర్‌పోర్టులో ప్లకార్డు పట్టుకుని నిలబడి, రావలసిన గెస్టు ఎందుకు రాలేదో తెలియక చెమటలు కక్కుతుంటారు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఈ పనిలో అసలు కష్టం అనుకున్న ప్రకారం జరగనప్పుడు ఏం చేయాలనేదే. దాన్ని క్లాసురూంలోనే నేర్పొచ్చు, నేర్పాలి కూడా. ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకుంటార్లే అని వదిలేయడం చేతులు దులుపుకోవడమే.

సిలబస్‌లో ఫ్లైట్లు ఎప్పుడూ టైముకే వస్తాయి

ఒక కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలకు కూర్చున్నాను. ఒక అబ్బాయి బట్లర్ అనే పరిశోధకుడు 1980లో చెప్పిన పర్యాటక ప్రాంతాల జీవనచక్రాన్ని, ఏ దశ తర్వాత ఏ దశ వస్తుందో, గ్రాఫు గాల్లో గీసి మరీ చెప్పాడు. పర్యాటకులు పెరిగేకొద్దీ స్థానికుల్లో చిరాకు ఎలా పెరుగుతుందో డాక్సీ 1975లో చెప్పిన ఇరిటేషన్ ఇండెక్స్ కూడా నోటికొచ్చు. నిజంగా బాగా చదువుకున్న పిల్లాడు. అప్పుడు అడిగాను: "ముప్ఫై రెండు మంది పెద్దవయసు వాళ్ల గ్రూపు. ఫ్లైటు తెల్లవారుజామున 5కి దిగుతుంది. హోటల్ చెక్-ఇన్ మధ్యాహ్నం 2కి. ఏం చేస్తావు?"

"చిరునవ్వుతో వెల్‌కమ్ చెప్పి, అసౌకర్యానికి సారీ చెప్తాను మేడమ్."

తప్పేం కాదు, పాపం. వాడికి నేర్పింది అదే. కానీ ఆ సమస్య పుట్టింది లాబీలో, తెల్లవారుజామున కాదు. రెండు నెలల ముందు బుకింగ్ చేసేటప్పుడు పుట్టింది. ముందు రాత్రికి కూడా గదులు తీసుకోవాలా, అంత బడ్జెట్ లేకపోతే బ్యాగులు పెట్టుకోవడానికి, ముఖం కడుక్కోవడానికి నాలుగైదు గదులైనా అడగాలా, బ్రేక్‌ఫాస్ట్ ముందే మాట్లాడి పెట్టుకోవాలా, అసలు ఈ సంగతి ప్రోగ్రాంలో రాసి క్లయింటుకు ముందే చెప్పామా లేదా? ఇవన్నీ అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు. లాబీలో సోఫాల మీద ముప్ఫై రెండు మంది కునికిపాట్లు పడుతుంటే ఎంత గొప్ప చిరునవ్వయినా పదిహేను నిమిషాలకు మించి పనిచేయదు.

బట్లర్‌ను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 2024లో వెనిస్ నగరం, రద్దీ ఉండే కొన్ని రోజుల్లో, పగటిపూట వచ్చి వెళ్లిపోయేవాళ్ల దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టినప్పుడు, అది ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఆ సిద్ధాంతాలన్నీ కావాలి. టూరిజం చదివిన మనిషికీ, మామూలుగా టికెట్లు కొట్టే మనిషికీ తేడా ఉండాల్సింది అక్కడే. కాకపోతే ఎక్కువమందికి దొరికే మొదటి ఉద్యోగం పాలసీ రాసేది కాదు. రిజర్వేషన్ డెస్కు, ఫ్రంట్ ఆఫీసు, ఎయిర్‌పోర్టు కౌంటరు, గ్రూపు వెంట వెళ్లే ఎస్కార్టు. అక్కడ నిలబడగలిగితేనే కదా పదేళ్ల తర్వాత బట్లర్ అక్కరకొచ్చేది.

పాత ఫైలు ఇచ్చి చూడండి

చేయొచ్చు అంటున్నాను కాబట్టి ఎలాగో కూడా చెప్పాలి. నేను చేసి చూసిన పద్ధతి ఇది, పెద్ద ఖర్చున్నదేం కాదు. అయిపోయిన ఒక గ్రూపు ఫైలు తీసుకుని, పేర్లూ పాస్‌పోర్టు నంబర్లూ మార్చేసి, క్లాసులో నలుగురికొకటి చొప్పున పంచాను. అందులో ఫ్లైట్ వివరాలు, ఏ గదిలో ఎవరుంటారో రాసిన రూమింగ్ లిస్టు, హోటల్ కన్ఫర్మేషన్, రోజువారీ ప్రోగ్రాం, యూరప్‌లో కోచ్ (టూరిస్టు బస్సు) డ్రైవర్ల పని గంటల నిబంధనలు ఒక పేజీ. కొన్ని తప్పులు నేను ఇరికించాను, కొన్ని ఆ ఫైల్లో మొదట్నుంచీ ఉన్నవే. "ఈ గ్రూపు రేపు బయల్దేరుతోంది. ఎక్కడ దెబ్బతింటుందో చెప్పండి" అన్నాను.

మొదట అందరూ స్పెల్లింగులు వెతికారు. ఫాంట్ బాగాలేదన్నాడొకడు. ఆ కాగితాల్ని కాగితాల్లాగే చదువుతున్నారు, వాటిలో మనుషులు కనబడటం లేదు. అది వాళ్ల తప్పు కాదు, ఇంతకుముందు రూమింగ్ లిస్టు చూసినవాళ్లు ఆ క్లాసులో ఎవరూ లేరు. ఐటినరరీ "తయారుచేయడం" మీద అసైన్‌మెంట్లు మాత్రం ప్రతి ఒక్కరూ చేశారు, రంగురంగుల ఫోటోలతో.

కాసేపటికి ఒక్కొక్కటీ బయటపడసాగింది. 12వ తేదీ 00:15కి ఫ్లైటు, ప్రోగ్రాంలో మాత్రం 12వ తేదీ రాత్రి డిన్నర్ తర్వాత ఎయిర్‌పోర్టుకు ట్రాన్స్‌ఫర్. అంటే ఫ్లైటు వెళ్లిపోయిన దాదాపు ఇరవై రెండు గంటలకు గ్రూపు అక్కడికి చేరుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇది ఎంత పాత తప్పో తెలుసు, ఎంత తరచుగా జరుగుతుందో కూడా తెలుసు. ఇంకో చోట ఒకే ఇంటిపేరున్న ఇద్దరికి ఒకే పెద్ద మంచం ఉన్న డబుల్ రూం. వయసులు చూస్తే ఒకరికి యాభై ఆరు, ఇంకొకరికి ఇరవై నాలుగు. తండ్రీ కూతురూ అయ్యుంటారు, రెండు విడి మంచాలున్న ట్విన్ రూం ఇవ్వాలి. ఒకరి పాస్‌పోర్టు గడువు ప్రయాణం అయ్యాక రెండు నెలలకే ముగుస్తోంది, యూరప్‌లో చాలా దేశాలు కనీసం మూడు నెలలు ఉండాలంటాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చున్న అమ్మాయి పట్టుకున్నది. ఆ అమ్మాయి పెన్సిల్‌తో ప్రోగ్రాం పక్కన గంటలు వేసుకుంటూ పోయింది. మూడో రోజు రాత్రి షో అయ్యాక కోచ్ గ్రూపును హోటల్లో దింపేది 11:30కి. నాలుగో రోజు బయల్దేరేది ఉదయం 7కి, అదే కోచ్, అదే డ్రైవరు. "రాత్రి పదకొండున్నరకు దించిన మనిషి ఏడింటికి ఎలా వస్తాడు మేడమ్? రూల్ ప్రకారం రోజుకు 11 గంటలు రెస్టు ఉండాలి కదా, తగ్గించినా 9 గంటలు." ఇచ్చిన పేజీ అందరూ చదివారు. ఆ డ్రైవరు కూడా ఎక్కడో పడుకోవాలన్న సంగతి ఆ అమ్మాయికే తట్టింది. నాలుగున్నర గంటల డ్రైవింగ్ తర్వాత 45 నిమిషాలు బ్రేక్ ఇవ్వాలన్నది కూడా ఆ పిల్లే లెక్కేసి, ఐదో రోజు లంచ్ టైము మార్చింది. ఆ అమ్మాయికి అప్పటిదాకా ఇంటర్నల్ మార్కులు సాదాసీదాగానే వచ్చాయట, ప్రెజెంటేషన్లలో మాట్లాడదని.

రెండో భాగం ఇంకా రసవత్తరంగా సాగింది. తప్పు దొరకలేదు, గ్రూపు వెళ్లిపోయింది, ఇప్పుడు నాలుగో రోజు ఉదయం 6:40, డ్రైవర్ 8:30కి ముందు రానని మెసేజ్ పెట్టాడు. మొదటి ఫోను ఎవరికి? క్లాసులో సగం మంది మేనేజర్‌కు అన్నారు. కొందరు గెస్టులకు అన్నారు. నా లెక్క ప్రకారం ఆ నిమిషంలో పరిస్థితిని ఇంకా మార్చగలిగే మనిషి ఎవరో వాళ్లకే మొదటి ఫోను. కోచ్ కంపెనీకి చేసి వేరే డ్రైవర్ ఉన్నాడా అనడగాలి, లేడంటే మ్యూజియంలో స్లాట్ వెనక్కి జరపగలరా అనడగాలి. ఆ తర్వాత గెస్టులకు, అదీ "కొంచెం ఆలస్యం" అని కాకుండా ఒక టైము చెప్పి. మేనేజర్‌కు చివర్లో, జరిగింది, చేసింది రెండూ కలిపి. మీలో కొందరు ఒప్పుకోరు, నాకు తెలుసు. పెద్ద కంపెనీల్లో మేనేజర్‌కు చెప్పకుండా ఒక్క అడుగు వేసినా ఉద్యోగానికి ఎసరు. ఆ సంగతికే వస్తున్నాను.

తెలివి నేర్పి చేతులు కట్టేస్తే

ఇక్కడ నాకే ఒక అనుమానం ఉంది. సొంతంగా ఆలోచించడం నేర్పి, ఆలోచించడానికి వీల్లేని కౌంటర్ దగ్గర నిలబెడితే ఏం లాభం? 2017 ఏప్రిల్‌లో షికాగో ఎయిర్‌పోర్టులో జరిగింది గుర్తుండే ఉంటుంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వాళ్ల ఫ్లైటులో నలుగురు సిబ్బందిని పంపాల్సి వచ్చింది, సీట్లు లేవు, ప్రయాణికులకు 800 డాలర్ల దాకా ఇస్తామన్నా చాలినంతమంది దిగలేదు, చివరికి కూర్చున్న ప్రయాణికుడినొకర్ని సెక్యూరిటీ వాళ్లు ఈడ్చుకెళ్లారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. తర్వాత కంపెనీ ఆ పరిమితిని 10,000 డాలర్లకు పెంచింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు మూర్ఖులని నేననుకోను. ఉన్న రూలును రూలులాగే పాటించారు. ఇంకో నాలుగు వందలు పెంచి చూద్దామా అనే అధికారం వాళ్ల చేతిలో ఉండుంటే కథ వేరేలా నడిచేదేమో.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడేది రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్ల పద్ధతి. గెస్టు సమస్య తీర్చడానికి ఏ ఉద్యోగయినా, హౌస్‌కీపింగ్ వాళ్లయినా సరే, పైవాళ్లను అడగకుండా 2,000 డాలర్ల దాకా ఖర్చుపెట్టొచ్చు. ట్రైనింగుల్లో ఈ ఉదాహరణ చెప్పని ట్రైనర్ లేడు. కానీ ఆ చెప్పే కంపెనీల్లో ఎన్నిట్లో ఫ్రంట్ ఆఫీస్ పిల్లలకు ఒక కాంప్లిమెంటరీ కాఫీ ఇచ్చే అధికారం ఉందో అడగండి. నేను అడిగాను, సమాధానంగా నవ్వారు.

ఎనభైల్లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌ను నడిపిన యాన్ కార్ల్‌జన్ లెక్క ఒకటుంది. ఏడాదికి కోటి మంది ప్రయాణికులు, ఒక్కొక్కరు సగటున ఐదుగురు ఉద్యోగుల్ని కలుస్తారు, కలిసిన ప్రతిసారీ 15 సెకన్లు. కంపెనీ మంచిదో చెడ్డదో ఆ పదిహేను సెకన్లలోనే తేలిపోతుంది, కాబట్టి నిర్ణయం కూడా అక్కడున్నవాళ్లే తీసుకోగలగాలి అన్నది ఆయన వాదన. ఇదంతా పాఠాల్లో ఉంది. మన పిల్లలు దాని మీద పది మార్కుల జవాబు రాస్తారు. ఉద్యోగంలో చేరాక మాత్రం, "నువ్వేం ఆలోచించకు, నాకు చెప్పు చాలు" అనే సూపర్‌వైజర్ తగులుతాడు.

అయినా నేర్పాలనే అంటాను. అధికారం లేనిచోట కూడా, "సర్, ఇది జరిగింది, ఇవి రెండు దారులు, మొదటిది నయమనిపిస్తోంది, చేసేయమంటారా?" అని అడిగే మనిషికీ, "సర్, గెస్టు అరుస్తున్నాడు" అని చెప్పే మనిషికీ చాలా తేడా ఉంటుంది. మొదటి రకం వాళ్లకు సూపర్‌వైజర్లు నెమ్మదిగా పగ్గాలు వదులుతారు, బద్ధకంతోనైనా సరే.

ఫోర్కులు తుడవడం గురించి

ఇంటర్న్‌షిప్ అనగానే విద్యార్థులు చెప్పే కథ ఒకటే ఉంటుంది. ఆరు నెలలూ బాంక్వెట్‌లో ఫోర్కులు తుడిచాం, కుర్చీలకు కవర్లు తొడిగాం, సర్టిఫికెట్‌లో మాత్రం అన్ని డిపార్ట్‌మెంట్లూ తిరిగినట్టు రాసిచ్చారు. ఇంటర్న్‌షిప్ చేశాకే ఈ రంగం మీద ఆసక్తి తగ్గిపోయిందని విద్యార్థులు చెప్పినట్టు వేర్వేరు దేశాల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అయితే ఫోర్కులు తుడవడం మీద నాకు వ్యతిరేకత లేదు. ఇది రాస్తే విద్యార్థులకు కోపమొస్తుందేమో. 1893లో మొదలైన స్విట్జర్లాండ్‌లోని లోజాన్ హోటల్ స్కూల్లో, డిగ్రీలో చేరినవాళ్లు మొదటి ఏడాది కిచెన్‌లోనూ సర్వీస్‌లోనూ చేత్తో పనిచేయాల్సిందే, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్, మేనేజ్‌మెంట్ పాఠాలన్నీ ఆ పైన. ఎవరి బిడ్డయినా ఒకటే. అక్కడ చేసిందీ ఇక్కడ చేసిందీ పైకి చూస్తే ఒకే పని. తేడా ఎక్కడంటే, అక్కడ కొన్నాళ్లకోసారి పని మారుతుంది, చేసినదాని గురించి అడిగేవాళ్లుంటారు. ఇక్కడ ఖాళీ పోస్టులోకి ఇంటర్న్‌ను కూర్చోబెడతారు, ఆ పోస్టు ఖాళీగా ఉన్నంతకాలం ఆ పిల్లాడు అక్కడే. దాన్ని శిక్షణ అనడానికి నాకు నోరు రాదు, చవకగా దొరికిన మనిషి అంతే.

కాలేజీలు ఈ విషయంలో మరీ మెతకగా ఉంటాయి. హోటల్ వాళ్లు తీసుకోవడమే మహాభాగ్యం అన్నట్టు ఒప్పందం మీద సంతకం పెట్టేస్తారు. నేనైతే డిపార్ట్‌మెంట్ మార్చే తేదీలు కాగితం మీద అడుగుతాను. ఇంటర్న్ సందేహాలు అడగడానికి ఒక మనిషిని పేరుతో సహా చెప్పమంటాను. లెక్చరర్ మధ్యలో ఒకసారి వెళ్లి కూర్చుంటానంటాను, తనిఖీకి కాదు, తనూ నేర్చుకోవడానికి. ఎందుకంటే చాలామంది లెక్చరర్లు హోటల్ లాబీ దాటి లోపలికి వెళ్లింది తమ చదువు రోజుల్లోనే. ఈ మాట వాళ్లలో నా స్నేహితులకు నచ్చదు. కానీ రెండేళ్లకొకసారి సెలవుల్లో ఒక నెల నైట్ షిఫ్ట్ డెస్కు దగ్గర కూర్చుని వచ్చిన లెక్చరర్ పాఠం వేరేగా ఉంటుంది, ఆ ఒక్క నెలను సర్వీసులో లెక్కేసే పద్ధతి యూనివర్సిటీలకు లేకపోవడం లెక్చరర్ల తప్పు కాదు.

చదువుతో హోటల్ పని వస్తుందా అన్న గొడవ ఈనాటిది కాదు. అమెరికాలో ఎల్స్‌వర్త్ స్టాట్లర్ పదమూడేళ్లకే హోటల్లో బెల్‌బాయ్‌గా చేరి, తర్వాత పేరు మోసిన హోటళ్ల యజమాని అయ్యాడు. 1922లో కార్నెల్ యూనివర్సిటీలో హోటల్ కోర్సు మొదలైనప్పుడు, హోటల్ పని కాలేజీలో నేర్పేదా అని పెదవి విరిచినవాళ్లలో ఆయనా ఒకడు. 1920ల్లోనే అక్కడి విద్యార్థులు ఏడాదికోసారి తామే ఒక హోటల్ నడిపి, పరిశ్రమ పెద్దల్ని గెస్టులుగా పిలవడం మొదలుపెట్టారు. ఆయన వచ్చి, చూసి, మనసు మార్చుకున్నాడు. ఆయన పేరిట ఏర్పడిన ఫౌండేషన్ డబ్బుతోనే తర్వాత ఆ స్కూలుకు భవనం వచ్చింది. విద్యార్థులు అలా హోటల్ నడిపే ఆనవాయితీ ఇప్పటికీ సాగుతోంది. పెద్దాయన్ని మార్చింది ఉపన్యాసం కాదు, విద్యార్థులు గెస్టుల ముందు పనిచేసి చూపించడం.

నవ్వమంటారు, ఎంతసేపో చెప్పరు

ఫ్లైట్ అటెండెంట్ల మీద అధ్యయనం చేసి 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సోషియాలజిస్టు ఒక విషయం బయటపెట్టింది. చేతులతో చేసే పనిలాగే మనోభావాలతో చేసే పని కూడా పనే, దాన్ని కంపెనీ జీతమిచ్చి కొంటుంది, అది మనిషిని అరగదీస్తుంది అని. ట్రైనింగ్‌లో విమానం క్యాబిన్‌ను మీ ఇంటి హాలు అనుకోండి, ప్రయాణికుల్ని ఇంటికొచ్చిన అతిథులనుకోండి అని చెప్పేవారట. మన తరగతుల్లోనూ అచ్చం ఇదే చెప్తాం. చెప్పనిది ఏంటంటే, ఎనిమిది గంటలు అలా అనుకున్నాక ఇంటికెళ్లి సొంతవాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడాలనిపించని రోజులుంటాయి, అది నీ స్వభావంలో లోపం కాదు, పని తాలూకు అలసట అని. ఇది ముందే తెలియనివాళ్లు, "నేను ఈ ఫీల్డుకు పనికిరానేమో" అని మానేస్తారు.

ఇంకొకటి కూడా చెప్పం. గెస్టు గదికి రమ్మంటే ఏమనాలి? ట్రిప్పులో రాత్రి తాగి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, వాళ్లు పట్టించుకోకపోతే ఆ తర్వాత ఎవరికి? "గెస్టే దేవుడు" అని మూడేళ్లు నూరిపోసి పంపిన పిల్లకు ఆ నిమిషంలో నోరు పెగలదు. మర్యాదగా, స్పష్టంగా వద్దని చెప్పడం కూడా ప్రాక్టికల్స్‌లో చేయించాల్సిన అంశమే, టేబుల్ సెట్టింగ్ చేయించినట్టే. అబ్బాయిలకు కూడా. నేను వెళ్లిన కాలేజీల్లో దీని గురించి వినయంగా అడిగితే, "అవి సెన్సిటివ్ విషయాలండీ" అన్నారు. సెన్సిటివ్ కాబట్టే కదా ముందు చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ సంగతి

ఇది త్వరగా ముగిస్తాను. జీడీఎస్ (ఏజెంట్లు టికెట్లు, గదులు బుక్ చేసే కంప్యూటర్ సిస్టమ్) కమాండ్లు నేర్పాలా వద్దా అని తెగ వాదించుకుంటుంటారు. అరవైల్లో సేబర్‌తో మొదలైన ఈ సిస్టమ్స్ తెరలు ఎన్నిసార్లో మారాయి, ఇంకా మారతాయి. కమాండ్లు రెండు వారాల్లో వస్తాయి. ఫేర్ రూల్ (టికెట్ షరతులు) చదవడం, అందులో "రీఫండ్ లేదు" అన్నచోట ట్యాక్సులు మాత్రం వెనక్కొస్తాయా అని వెతకడం మాత్రం రెండు వారాల్లో రాదు. చాట్‌బాట్ వచ్చి బుకింగులన్నీ చేసేస్తే మీ పిల్లలకు పనేముంటుంది అని నన్ను అడిగేవాళ్లున్నారు. బుకింగుల్లో కొంత పోతుంది, నిజమే, డెస్కుల్లో మనుషులు తగ్గుతున్నారు కూడా.

కానీ 2019 సెప్టెంబర్ 23న బ్రిటన్‌కు చెందిన థామస్ కుక్ ట్రావెల్ కంపెనీ మూతపడ్డ రోజు ఒకసారి తలుచుకోండి. 1841 నుంచి నడుస్తున్న సంస్థ. ఒక్క బ్రిటన్ వాళ్లే దాదాపు లక్షన్నర మంది విదేశాల్లో ఉన్నారు, రెండు వారాల పాటు ప్రభుత్వం విమానాలు అద్దెకు తీసుకుని వెనక్కి తెచ్చింది. రిసార్టుల్లో గెస్టుల్ని చూసుకునే ఆ కంపెనీ ప్రతినిధులు ఎంతోమంది, తమ ఉద్యోగం పోయిందని తెలిసినా, జీతం వస్తుందో రాదో తెలియకపోయినా, గెస్టులకు ఏ బస్సు ఎన్నింటికో చెబుతూ అక్కడే ఉన్నారు. హోటల్ వాళ్లు బిల్లు కట్టకపోతే కదలనివ్వం అన్నచోట మాట్లాడి ఒప్పించడం ఏ సిస్టమ్‌లోనూ ఉండే మెనూ కాదు.

భయపడతారు, వెళ్లిపోతారు

ఇదంతా విని ఒక లెక్చరర్ స్నేహితురాలు రెండు అభ్యంతరాలు చెప్పింది. రెండూ బరువైనవే. మొదటిది, ఇలా చెడిపోయిన ఫైళ్లే చూపిస్తూ పోతే పిల్లలు బెదిరిపోతారు, సీటు వదిలేసి వెళ్తారు అని. కొందరు వెళ్తారు, ఒప్పుకుంటాను. కానీ నా అనుభవంలో ఆ ఫైలు క్లాసు అయ్యాక పిల్లల్లో టెన్షన్ కన్నా హుషారు ఎక్కువ కనిపించింది. తప్పు పట్టుకోవడంలో ఒక మజా ఉంటుంది, డిటెక్టివ్ పని లాంటిది. అయినా మూడో ఏడు అయ్యాక, మొదటి ఉద్యోగంలో, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టులో ఒంటరిగా బెదిరిపోవడం కన్నా క్లాసులో నలుగురి మధ్య బెదరడం నయం.

రెండోది అంత తేలిగ్గా తేలదు. "ఇంత బాగా తయారుచేస్తే వేరే రంగాల వాళ్లు ఎగరేసుకుపోతారు, మనకెవరు మిగులుతారు?" అంది. నిజమే, ఇలాంటి పిల్లల్ని బ్యాంకులూ, ఆస్పత్రుల ఫ్రంట్ డెస్కులూ, ఈవెంట్ కంపెనీలూ, డెలివరీ సంస్థల ఆపరేషన్స్ టీములూ మంచి జీతాలిచ్చి తీసుకుపోతాయి. 2019లో దాదాపు 146 కోట్లున్న అంతర్జాతీయ పర్యాటకుల రాకలు 2020లో ఒక్కసారిగా నాలుగింట మూడు వంతుల దాకా పడిపోయినప్పుడు, మా ఆఫీసు నుంచి వెళ్లినవాళ్లంతా అలా ఎక్కడో ఒకచోట సర్దుకున్నారు. పరిస్థితి కుదుటపడ్డాక రమ్మంటే చాలామంది రాలేదు. వారానికి ఒకరోజు నమ్మకంగా సెలవు దొరికే ఉద్యోగం రుచి చూశాక ఎందుకొస్తారు? దీనికి కాలేజీ చేయగలిగింది ఏమీ లేదనుకుంటాను. వాళ్లను ఆపాల్సింది జీతాలూ షిఫ్టులూ, అవి యాటిట్యూడ్ చాలు అన్న పెద్దమనుషుల చేతిలో ఉన్నాయి. పిల్లలకు తక్కువ నేర్పి, ఎక్కడికీ వెళ్లలేకుండా చేసి అట్టిపెట్టుకోవడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది.

పోయిన సెమిస్టర్‌లో ఆ స్నేహితురాలే తన పేపర్‌లో ఒక ప్రశ్న ఫైలు రూపంలో పెడదామని ముందుకొచ్చింది. నేను ఫైలు తయారుచేసిచ్చాను. పరీక్షల విభాగం నుంచి మోడల్ ఆన్సర్ కావాలన్నారు. డ్రైవర్ రాని కేసుకు సరైన జవాబులు కనీసం మూడున్నాయి, మూడూ రాసి పంపాను, ఏది ఎంచుకున్నా కారణం చెప్పగలిగితే మార్కులివ్వండని కింద ఒక నోట్ పెట్టాను. మూడింట్లో ఏది రాస్తే ఫుల్ మార్కులో ఖరారు చేయమని మళ్లీ మెయిల్ వచ్చింది. దానికి నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. ప్రశ్న మాత్రం ప్రస్తుతానికి పేపర్లోంచి తీసేశారట, దాని స్థానంలో బట్లర్ మోడల్ పటంతో సహా వివరించమని పెట్టారు.